శుభలేఖల కొట్టు ల్యాప్‌టాప్: ఒక ఆషాఢపు డైరీ

జూన్ 28, 2025, శనివారం

ఆషాఢం వస్తే మా బావగారికి తీరిక. ముహూర్తాలు లేవు కాబట్టి శుభలేఖలు లేవు. విజయవాడ గవర్నర్‌పేటలోని ఆయన డీటీపీ కొట్టులో ఈ నెల రోజులూ ఫ్యాను ఒక్కటే పనిచేస్తుంది. పాత కంప్యూటర్ మార్చాలన్న మాట ఏడాదిగా నడుస్తోంది. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు వచ్చే అక్టోబరు 14తో ముగుస్తుంది. ప్రాసెసర్ చూస్తే విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో లేదు. శ్రావణం మొదలైతే ఊపిరి సలపదు, మార్చడమంటూ ఉంటే ఇప్పుడే. ఆషాఢం తగ్గింపు బోర్డు చూసి ఆగలేక ఇవాళ ల్యాప్‌టాప్ కొనేసి, పెట్టె పళంగా సత్యనారాయణపురంలో మా ఇంటికి తెచ్చారు. 16 జీబీ మెమరీ, 512 జీబీ డిస్కు.

తెరిచి పేరు, వైఫై, పాస్‌వర్డు ఇచ్చి పది నిమిషాలు కాలేదు. యాంటీవైరస్ వచ్చి ముప్పై రోజులు ఉచితమంది. ఫొటోలు దాచిపెడతానని ఒకటి, వాటిని అందంగా దిద్దుతానని ఇంకొకటి. తయారీ కంపెనీవారి 'సహాయకుడు' మూడుసార్లు తలుపు తట్టి ఈమెయిల్ అడిగాడు. కింద వరుసలో మూడు ఆటలు, ఒక షాపింగ్ గుర్తు. మా మేనల్లుడికి ఆటలు నచ్చాయి.

బావగారు కళ్లజోడు సర్దుకుని, "ఏమోయ్, ఇది కొత్తదేనా? పాత అద్దెవాళ్లు ఖాళీ చేయని ఇంట్లో దిగినట్టుందేమిటి?" అన్నారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు డబ్బిచ్చి ఇవన్నీ వేయిస్తాయని, యంత్రం ధర కాస్త తగ్గడానికి అదీ ఒక కారణమని చెప్పాను. ఆయనకు సబబుగా తోచలేదు. "నేను శుభలేఖ అచ్చువేసి, ఓ మూల బట్టల కొట్టు ప్రకటన పెట్టి, అందుకే వంద తగ్గించానంటే పెళ్లివారు ఊరుకుంటారా?"

ఊరుకోరు. అందుకని అన్నీ తుడిచేసి శుభ్రమైన విండోస్ మళ్లీ వేయాలని తీర్మానించాం. మేనల్లుడు తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశాడు.

జూన్ 29, ఆదివారం

తుడవడానికి ముందు లెక్క రాసుకోవాలి. ఇది మా బ్యాంకు ఉద్యోగం నేర్పిన అలవాటు. బావగారి ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో రాశాను: మేము ఒక్క ఫైలూ పెట్టకముందే డిస్కులో 68 జీబీ నిండి ఉంది. యంత్రం ఆన్ చేయగానే తమంతట తామే లేచేవి 17. నేపథ్యంలో నడుస్తున్న ప్రాసెస్‌లు 190 చిల్లర.

ఒక్కొక్కటిగా తీసేయవచ్చు కదా అని అక్క అడిగింది. తీసేయవచ్చు. నిజానికి చాలామందికి అదే చాలు. కానీ కొన్ని పోతూ పోతూ సర్వీసులనూ షెడ్యూలు చేసిన పనులనూ వదిలి వెళతాయి, వాటిని వెతికి పట్టుకోవడం ఒక జీవితకాలపు పని. సెట్టింగ్స్‌లో ఉండే 'రీసెట్' మీద కూడా నాకు ఆశ లేదు. తయారీదారు తన సామాను తిరిగి వేయడానికి కావలసిన మూటను సి డ్రైవ్‌లోనే రికవరీ ఫోల్డరులో దాచి ఉంచుతాడు. రీసెట్ చేస్తే ఆ మూట విప్పుకుని అందరూ తిరిగొచ్చే అవకాశం ఉంది.

ఇది ఉత్త చాదస్తం కాదని చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సూపర్‌ఫిష్ వ్యవహారం. 2014లో లెనోవో కొన్ని ల్యాప్‌టాపులలో ఆ పేరుగల ప్రకటనల సాఫ్ట్‌వేర్ వేసి అమ్మింది. అది తన సొంత రూట్ సర్టిఫికెట్‌ను (ఏ వెబ్‌సైటును నమ్మాలో చెప్పే హామీపత్రం) విండోస్‌లో పెట్టి, తాళం గుర్తుతో కనిపించే సురక్షిత వెబ్‌సైట్ల మధ్యలో కూడా దూరేది. పైగా అన్ని యంత్రాలలోనూ ఒకటే రహస్య తాళంచెవి. అది ఎవరి చేతికి చిక్కినా ఆ ల్యాప్‌టాపులలో బ్యాంకు లావాదేవీలకు కూడా భద్రత లేనట్టే. 2015 ఫిబ్రవరిలో గొడవ బయటపడింది, 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదిరింది. అన్ని కంపెనీలూ అలా చేస్తాయని కాదు. కానీ బావగారి జీఎస్టీ లెక్కలు, కరెంటు ఖాతా అన్నీ ఇందులోనే ఉండబోతున్నాయి.

ఇక తుడవకముందు దక్కించుకోవలసినవి.

మొదటిది ఆఫీస్. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీసుకు కాగితం మీద తాళం సంఖ్య లేదు. అది మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపడుతుంది. ముడి వేయకుండా ముందే తుడిచేస్తే డబ్బిచ్చి కొన్న హక్కు కోసం తర్వాత వెతుక్కోవలసి వస్తుంది. అందుకని బావగారి పేర ఖాతా తెరిచి, వర్డ్ ఒకసారి తెరిచి, ఖాతా పేజీలో ఆఫీస్ కనిపిస్తోందని రెండుసార్లు చూసుకున్నాను.

రెండోది విండోస్ తాళం. దీనికి బెంగ అక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు తాళం సంఖ్యను మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (డిస్కులో కాక బోర్డు మీద ఉండే మూల సాఫ్ట్‌వేర్), ఎంఎస్‌డీఎం అనే పట్టికలో రాసి పంపుతున్నారు. డిస్కు తుడిచినా అది పోదు. ఏ ఎడిషన్ అన్నది మాత్రం చూసుకున్నాను: హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దాని బదులు ప్రో వేస్తే ఈ తాళం పట్టదు.

మూడోది డ్రైవర్లు, అంటే యంత్రంలోని ఒక్కో భాగాన్ని విండోస్ చేత పనిచేయించే చిన్న ప్రోగ్రాములు. కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీ యుటిల్ అనే పనిముట్టు ఉంది. 'ఎక్స్‌పోర్ట్ డ్రైవర్' అని చెప్పి ఒక ఫోల్డరు చూపిస్తే, తయారీదారు విడిగా వేసిన డ్రైవర్లన్నిటినీ అందులోకి నకలు తీసి ఇస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను.

నాలుగోది వెనక్కి వెళ్లే దారి. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని విండోస్‌లోని రికవరీ డ్రైవ్ తయారీకి పెట్టాను. అది పూర్తయ్యేలోపు అక్క వంట చేసింది, అందరం తిన్నాం, బావగారు ఒక కునుకు తీశారు. ఇంకా నడుస్తూనే ఉంది.

జూలై 1, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక గంట పని. విండోస్ వేయడానికి పెన్‌డ్రైవ్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ దించి నడిపాను. దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. బజారులో ఎవరో ఇచ్చే 'తేలికపరచిన విండోస్' ప్రతులు వాడమని కొట్టు పక్క కుర్రాడు సలహా ఇచ్చాడు. ఒకరి చెత్త వద్దనుకుని ముక్కూమొహం తెలియని ఇంకొకరి చెత్త వేసుకోవడం దేనికి?

చేతికందిన పెన్‌డ్రైవ్ గుచ్చాను. ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని హెచ్చరించింది. సరే అన్నాను.

జూలై 5, శనివారం

ఆ 'సరే' ఖరీదు ఇవాళ తెలిసింది.

ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టాను. పవర్ బటన్ నొక్కి, బూట్ మెనూ మీట తట్టి (ఇది కంపెనీని బట్టి మారుతుంది, మా దానికి ఎఫ్12), పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాను. నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ కాపలాను ఆపలేదు, ఆపనక్కర్లేదు. నీలం తెర వచ్చింది. భాష, కీబోర్డు అడిగింది. అన్నీ సవ్యంగా నడిచి, ఏ డిస్కులో వేయాలన్న పేజీ దగ్గర ఆగింది. అక్కడ 512 జీబీ డిస్కు లేదు. జాబితాలో ఒకే ఒక్కటి ఉంది, 14 జీబీ పైచిలుకు. అది నేను గుచ్చిన పెన్‌డ్రైవ్.

బావగారి ముఖం చూడలేకపోయాను. "డిస్కు పోయిందా?" అన్నారు మెల్లగా.

పోలేదు. కొన్నేళ్లుగా వస్తున్న ఇంటెల్ ల్యాప్‌టాపులు చాలావాటిలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటోంది. డిస్కు నేరుగా కనిపించకుండా ఆ కంట్రోలర్ చాటున ఉంటుంది. దాని డ్రైవర్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే విండోస్ సెటప్‌కు ఆ డిస్కు ఉందన్న సంగతే తెలియదు. బయోస్‌లోకి (యంత్రపు మూల సెట్టింగులలోకి) వెళ్లి వీఎండీని ఆపేయడం ఒక దారి. రెండోది సెటప్‌లోనే 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ డ్రైవర్ చూపించడం. నాకు రెండోదే నచ్చింది, ఎందుకంటే ఆ డ్రైవర్ నా దగ్గర ఉంది. ఆదివారమే నకలు తీశాను కదా, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి.

ఆ పెన్‌డ్రైవే ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఉంది. మంగళవారం నాడు చెరిపి ఇన్‌స్టలేషన్ డిస్కుగా మార్చింది దాన్నే. డ్రైవర్లు ఉన్నదీ అందులోనే. తెల్లటి టేపు మీద 'డ్రైవర్లు' అని నా చేతిరాతతో ఉంది కూడా.

కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను చూశాను. తర్వాత వెలిగింది: డిస్కు కనిపించలేదు కాబట్టి దేన్నీ తుడవలేదు. పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేస్తే పాత విండోస్, పాత ఆటలు, పాత సహాయకుడు అందరూ క్షేమం. అయితే అప్పటికి పదకొండు దాటింది, కరెంటు పోయింది, బయట ఎండ పేలుతోంది. రేపు చూద్దామన్నాను. నా పరువు దక్కడానికి ఆ విరామం అవసరమైంది.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

అక్క పొద్దున్నే పేలపిండి పంపింది. అది నోట్లో వేసుకుని మాట్లాడకూడదు కాబట్టి బావగారి ప్రశ్నలకు కొంతసేపు జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

పాత విండోస్‌లోకి వెళ్లి డ్రైవర్లు మళ్లీ తీశాను, ఈసారి మేనల్లుడి పెన్‌డ్రైవ్‌లోకి. మళ్లీ సెటప్, మళ్లీ అదే పేజీ, అదే 14 జీబీ. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ల గుంపులో 'ఐఏస్టార్' అని మొదలయ్యేదాన్ని వెతికి చూపించాను. నాలుగైదు క్షణాలు. 476 జీబీ అంటూ డిస్కు ప్రత్యక్షమైంది.

"మిగతా 36 ఎవరు తిన్నారు?" అన్నారు బావగారు. ఎవరూ తినలేదు. అమ్మేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 1024ను మూడుసార్లు గుణించినంత. కాగితాన్ని మిల్లు బరువుతో తూచి, మనం రీముల్లో లెక్కపెట్టుకోవడం లాంటిదే అన్నాను. ఆ మాట ఆయనకు వెంటనే పట్టింది.

డిస్కు మీద ఐదు ముక్కలున్నాయి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ, విండోస్ తనకోసం అట్టేపెట్టుకునే 16 ఎంబీల ఎంఎస్‌ఆర్, విండోస్ ఉన్న పెద్ద ముక్క, విండోస్ రికవరీ, చివర తయారీదారు సొంత రికవరీ. ఇక్కడ చెయ్యి కాస్త ఆగింది. చివరిది చెరిపితే ఫ్యాక్టరీ స్థితికి వెళ్లే మీట ఇక పనిచేయదు. 32 జీబీ పెన్‌డ్రైవ్ బీరువాలో ఉందో లేదో అక్కకు ఫోను చేసి కనుక్కున్నాను. ఉంది. దాని మీద ఏ టేపు ఉందో కూడా చదివించుకున్నాను. అప్పుడు ఐదింటినీ చెరిపి, మిగిలిన ఖాళీ జాగాను ఎంచుకుని నెక్స్ట్ నొక్కాను. కావలసిన ముక్కలు సెటప్ తానే చేసుకుంటుంది. ఎడిషన్ ఏదని అడగనేలేదు, ఫర్మ్‌వేర్‌లోని తాళం చదువుకుని హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వేసుకుపోయింది.

ఒక చిన్న చిట్కా ప్రయోగించాను. మొదట్లో సమయం, కరెన్సీ తీరు అడిగేచోట 'ఇంగ్లిష్ ఇండియా' బదులు 'ఇంగ్లిష్ వరల్డ్' ఎంచుకుంటే, ఏ దేశపు యాప్‌లు అంటగట్టాలో విండోస్‌కు తెలియక ఊరుకుంటుంది. మధ్యలో ఒకచోట ఏదో తప్పు జరిగిందని తెర వస్తుంది, స్కిప్ నొక్కి దాటాలి. పని అయ్యాక సెట్టింగ్స్‌లో ఇండియాకు మార్చుకోకపోతే స్టోర్ సరిగా పనిచేయదు, రూపాయి గుర్తూ రాదు.

పదిహేను నిమిషాల్లో విండోస్ దిగింది. వెంటనే ఇంటర్నెట్ కావాలంది, వైఫై డ్రైవర్ లేదు కాబట్టి వైఫై లేదు. దీనికి నా ఆండ్రాయిడ్ ఫోను సరిపోయింది. కేబులుతో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే, విండోస్‌కు అది మామూలు నెట్‌వర్క్ తీగలాగే కనిపిస్తుంది. విడిగా డ్రైవర్ అక్కర్లేదు. తర్వాత పీఎన్‌పీ యుటిల్‌తోనే మేనల్లుడి పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్లన్నీ ఒక్క దెబ్బతో వేశాను. ఎన్నో ఏళ్ల క్రితం ఒక్కో డ్రైవర్ సీడీ కోసం స్నేహితుల ఇళ్ల చుట్టూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

యాక్టివేషన్ దానంతటదే అయింది. ఆఫీస్ ఖాతాలోంచి దిగింది.

కొత్త లెక్క: డిస్కులో 34 జీబీ, ఆఫీసుతో కలిపి. లేవగానే నడిచేవి 3. ప్రాసెస్‌లు 130 దరిదాపు.

పూర్తి శుభ్రం అనలేను. మైక్రోసాఫ్ట్ తన సొంత సరుకు కొంత పెట్టింది. వాతావరణం, వార్తలు, పేకాట. చేత్తో తీసేవి తీసేశాను.

ఇంకొకటి మరిచిపోకూడదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెడితే డిస్కు ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనిదే చదవలేకుండా చేయడం) చాలా యంత్రాలలో చెప్పకుండానే ఆన్ అవుతుంది. ఇక్కడా అయింది. మంచిదే, ల్యాప్‌టాప్ దొంగ చేతికి పోయినా వాడు ఫైళ్లు చదవలేడు. కానీ ఎప్పుడైనా బయోస్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ఖాతాలో ఉంటుంది, ఖాతా పాస్‌వర్డేమో బావగారు రేపే మరిచిపోతారు. ఆయన ఆ అంకెలను ఆరేసి చొప్పున ఎనిమిది వరుసలుగా కూర్చి, మిగిలిపోయిన ఒక శుభలేఖ అట్ట మీద అచ్చువేసి గల్లాపెట్టెలో పెట్టారు. పైన వినాయకుడి బొమ్మ ఉంది.

జూలై 10, గురువారం

అక్క శాకంబరీ ఉత్సవాలకు కొండ మీదికి వెళ్లి, కూరగాయల అలంకారంలో అమ్మవారిని చూసి, క్యూలో రెండు గంటలు నిలబడి వచ్చింది. దారిలో కొట్టు దగ్గర ఆగి ఫోను చేసింది: "తమ్ముడూ, ఆ సహాయకుడు మళ్లీ వచ్చాడట, మీ బావగారు కంగారుపడుతున్నారు."

వెళ్లి చూశాను. నిజమే. తుడిచిన నాలుగో రోజుకే తయారీదారు యాప్ స్టార్ట్ మెనూలో కూర్చుని ఉంది. రెండు అనుమానాలు. ఫర్మ్‌వేర్‌లో డబ్ల్యూపీబీటీ అనే పట్టిక పెట్టి, డిస్కు ఎన్నిసార్లు తుడిచినా ప్రతి బూట్‌లోనూ విండోస్ చేత తన ప్రోగ్రాం నడిపించుకునే వీలు తయారీదారులకు ఉంది. మైక్రోసాఫ్టే విండోస్ 8తో ఆ తలుపు తెరిచింది. అలా జరిగితే సిస్టమ్32 ఫోల్డరులో 'డబ్ల్యూపీబీబిన్' అనే ఫైలు కనిపించాలి. వెతికాను, లేదు. అంటే రెండోదే: హార్డ్‌వేర్ గుర్తుపట్టి విండోస్ అప్‌డేటే దాన్ని తెచ్చి వేసింది. యాప్ తీసేసి, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో 'తయారీదారుల యాప్‌లు తెచ్చుకోనా' అన్న ప్రశ్నకు వద్దన్నాను. డ్రైవర్లు అన్నీ ముందే వేసుకున్నాం కాబట్టి దానివల్ల నష్టం లేదు.

జూలై 13, ఆదివారం

అసలు పని ఇవాళ. కొట్టుకు సెలవు, షట్టరు సగం దించి కూర్చున్నాం.

బావగారి పాతికేళ్ల సరుకంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇప్పటికీ శుభలేఖల వాళ్లు దాన్ని వదలరు. సీడీ ఉంది, ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటు లేదు. ఏలూరు రోడ్డులో తెలిసిన బైండింగ్ ఆయన దగ్గర బయటి నుంచి గుచ్చే డ్రైవ్ అడిగి తెచ్చాం. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే తప్ప పేజ్‌మేకర్ కదలలేదు, నడిపాక మాత్రం రెండు క్షణాల్లో తెరుచుకుంది. ఆ వేగం చూసి బావగారు ఏదో తప్పు జరిగిందనుకున్నారు.

అను అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఫాంటు లేనిచోట 'శ్రీరస్తు శుభమస్తు' కూడా గజిబిజి ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తుంది. కాబట్టి ఫాంట్లు ముందు, ఫైళ్లు తర్వాత. ఆ వరుస తప్పినందుకు మొదటి ఫైలు చూసి ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

యూనికోడ్ తెలుగు కోసం సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి, ఫొనెటిక్ కీబోర్డు పెట్టాను. 2019 నుంచి అది విండోస్‌లోనే వస్తోంది, విడిగా ఏదీ వేయనక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చే పెళ్లివారి వివరాలు టైపు చేసుకోవడానికి మేనల్లుడు దాన్నే వాడతాడు. పాత వర్డ్ ఫైళ్లలో గౌతమి ఫాంటు ఉంటే మాత్రం ఒక మాట: గౌతమి, వాణి ఇప్పుడు విండోస్‌తో నేరుగా రావు. ఐచ్ఛిక ఫీచర్లలో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' దించుకోవాలి. లేకపోతే నిర్మల ఫాంటు ఆ చోటు ఆక్రమించి వరుసలన్నీ జరిపేస్తుంది.

జూలై 16, బుధవారం

ఒక ఓటమి రాయాలి.

కొట్టులో చీకటి పడ్డాక కీబోర్డు వెనక దీపం వెలగడం లేదని బావగారు చెప్పారు. ఫ్యాను చప్పుడు తగ్గించే మీట కూడా పనిచేయడం లేదు. డ్రైవర్లన్నీ ఉన్నాయి, డివైస్ మేనేజర్‌లో ఒక్క పసుపు గుర్తూ లేదు. గంటసేపు తంటాలు పడ్డాక తెలిసింది: ఆ మీటలు నొక్కితే వినేవాడు తయారీదారు సాఫ్ట్‌వేరే. నేను రెండుసార్లు గెంటేసిన సహాయకుడి ఇంటివాడు.

కంపెనీ సపోర్ట్ పేజీలో వెతికితే ఆ మీటల సర్వీసు ఒక్కటీ విడిగా దొరికింది, చిన్నదే. వేశాను. దీపం వెలిగింది. సహాయకుడు వెంట రాలేదు, ఇప్పటికి.

"అయితే అది చెత్త కాదన్నమాట" అన్నారు బావగారు.

"అది కాదు" అన్నాను.

ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో, లేవగానే నడిచేవాటి లెక్కలో 3 కొట్టేసి 4 అని రాశాను. ముందు పేజీలో అప్పటికే శ్రావణం ముహూర్తాలకు రెండు ఆర్డర్లు పడ్డాయి. బావగారు మొదటిది తెరిచి, పెళ్లికూతురి ఇంటిపేరులో పొల్లు సరిచేస్తున్నారు.